ఎన్నిసార్లు చూస్తే నిజమవుతుంది?

(బహిరంగ ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. దగ్గర కాగితం, పెన్ను ఉన్నవాళ్ళు బయటికి తీయండి. ఒక వృత్తం గీయండి. సరిగ్గా గుండ్రంగా రాకపోయినా ఫర్వాలేదు. అంచు మీద రెండు చుక్కలు పెట్టి గీతతో కలపండి. వృత్తం రెండు ముక్కలైంది. మూడో చుక్క పెట్టి, ప్రతి చుక్కనూ మిగతా అన్నిటితో కలపండి. నాలుగు ముక్కలు. నాలుగు చుక్కలైతే ఎనిమిది. ఐదు చుక్కలైతే? లెక్కపెట్టండి, తొందరేం లేదు. పదహారు. సరే, ఇప్పుడు గీయకుండా చెప్పండి. ఆరు చుక్కలైతే ఎన్ని ముక్కలు?

ముప్పై రెండు అని చాలా గొంతులు వినిపించాయి. వెనక వరుసలో ఎవరో ఇంకా గీస్తున్నారు, ఆయన్ని ఆపకండి. మూడు గీతలు ఒకే చోట కలవకుండా జాగ్రత్తగా గీస్తే వచ్చేది ముప్పై ఒకటి. ఎన్నిసార్లు గీసినా అంతే. ఏడు చుక్కలకు యాభై ఏడు.

రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అని వినగానే మన బుర్ర తరవాతి మాట తనే పూర్తి చేసేస్తుంది. అలా చేయబట్టే మనం బతికి బట్టకట్టాం, కాబట్టి దాన్ని తిట్టక్కర్లేదు. కానీ ఈ రోజు మాట్లాడదలచింది సరిగ్గా దీని గురించే. ఒక విషయం పదిసార్లు నిజమైతే పదకొండోసారీ నిజమవుతుందని నమ్మే హక్కు మనకు ఎక్కడి నుంచి వచ్చింది? పది బదులు పది కోట్ల సార్లు అయితే ఆ హక్కు పెరుగుతుందా? గణితంలో ‘నిరూపణ’ అనే మాట వింటుంటాం కదా, అది ఈ లెక్కపెట్టడం కంటే నిజంగా వేరే రకమైన వస్తువా, లేక ఇంకాస్త జాగ్రత్తగా లెక్కపెట్టడమేనా?

ముందు కొన్ని ఎదురుదెబ్బలు చూద్దాం. ఆయిలర్ అనే గణితవేత్త 1772లో ఒక సూత్రం చెప్పాడు. ఏదైనా సంఖ్య తీసుకోండి, దాన్ని దానితోనే గుణించి, అదే సంఖ్యను మళ్ళీ కలిపి, 41 చేర్చండి. సున్నాతో మొదలుపెడితే 41, ఒకటితో 43, తరవాత 47, 53, 61. అన్నీ ప్రధాన సంఖ్యలే, అంటే ఒకటితోనూ తమతోనూ తప్ప దేనితోనూ భాగింపబడనివి. ఇలా 39 దాకా వెళ్ళినా ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుంది. వరసగా నలభై సార్లు! 40 దగ్గర 1681 వస్తుంది. అది 41 సార్లు 41. కాస్త ఆగి చూస్తే ఇందులో వింతేమీ లేదు. నలభై నలభైలు, దానికి ఒక నలభై కలిపితే నలభై ఒక్క నలభైలు. దానికి 41 చేర్చాం. సూత్రంలోనే ఎప్పుడు ఓడిపోతుందో రాసి ఉంది. సమాధానాల పట్టిక చూస్తున్నవాడికి అది కనబడదు.

ఫెర్మాది ఇంకో కథ. 3, 5, 17, 257, 65537 అనే వరస ఉంది. రెండును వర్గం చేస్తూ, వచ్చినదాన్ని మళ్ళీ వర్గం చేస్తూ పోయి, ప్రతిచోటా ఒకటి కలిపితే వచ్చేవి. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఇక మీదటా అంతేనని ఫెర్మా నమ్మాడు. ఆరోది 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. దీన్ని 641 భాగిస్తుందని 1732లో ఆయిలరే చూపించాడు. ఆ తరవాత ఈ వరసలో ఇంకొక్క ప్రధాన సంఖ్య కూడా ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. అంటే ఫెర్మా చూసిన ఐదు తప్ప దొరికినవన్నీ వ్యతిరేకమే.

ఐదు, నలభై చిన్న సంఖ్యలేగా అంటారేమో. అయితే పోల్యా అనే గణితవేత్త చెప్పింది వినండి. ఈ ఒక్కచోట కాస్త ఓపిక పట్టాలి. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టవచ్చు. 12 అంటే 2, 2, 3. మూడు ముక్కలు, బేసి. 10 అంటే 2, 5. రెండు ముక్కలు, సరి. ఒకటికి ముక్కలే లేవు కాబట్టి దాన్ని సరి వైపు వేద్దాం. ఇప్పుడు ఒకటి నుంచి మీకు నచ్చిన చోటి దాకా సంఖ్యలన్నిటినీ ఇలా రెండు జట్లుగా చేయండి. రెండు దాటాక ఎక్కడ ఆగి చూసినా సరి జట్టు బేసి జట్టును మించదు అని 1919లో పోల్యా ఊహించాడు. వెయ్యి దాకా చూడండి, సరే. లక్ష దాకా, సరే. కోటి దాకా, పది కోట్ల దాకా, యాభై కోట్ల దాకా కూడా సరే. ఎక్కడా తేడా రాదు. ఇది తప్పని 1958లో హేసెల్‌గ్రోవ్ నిరూపించాడు. గమ్మత్తు ఏమిటంటే, ఎక్కడో ఒకచోట తప్పుతుందని చూపించాడే గాని ఎక్కడో చూపించలేదు. 1960లో లేమన్‌కు మొదటి ఉదాహరణ చేతికి చిక్కింది. అన్నిటికంటే చిన్నది ఏదో 1980లో తనాకా తేల్చాడు. అది 90 కోట్ల 61 లక్షల 50 వేల 257.

సెకనుకు ఒక సంఖ్య చొప్పున, తిండీ నిద్రా మానేసి, పోల్యా మాటను పరీక్షిస్తూ కూర్చున్నారనుకోండి. ఇరవై ఎనిమిదేళ్ళకు పైగా మీకు అనుకూలమైన సాక్ష్యమే వస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళు సెకను తప్పకుండా అవునవునన్నదాన్ని కోర్టులో ఎవరు కాదంటారు? అయినా ఆ మాట అబద్ధం.

ఇంకో మెట్టు పైకి వెళ్దాం. ఫలానా సంఖ్య లోపల ఎన్ని ప్రధాన సంఖ్యలు ఉంటాయో అంచనా కట్టే పద్ధతి గౌస్ కాలం నుంచీ ఉంది. ఆ అంచనా చాలా దగ్గరగా ఉంటుంది, కాకపోతే ఎప్పుడు చూసినా అసలు లెక్క కంటే రవ్వంత ఎక్కువ. ఎవరు ఎంత దూరం లెక్కపెట్టినా ఎక్కువే. 1914లో లిటిల్‌వుడ్ అనే ఆయన ఇది తారుమారవుతుందని, ఒకసారి కాదు, అనంతంగా ఎన్నోసార్లు తారుమారవుతూనే ఉంటుందని నిరూపించాడు. మరి మొదటిసారి ఎక్కడ? 317 అంకెలున్న ఒక సంఖ్య పరిసరాల్లో తారుమారవుతుందని ఈనాటి లెక్కలు చెబుతున్నాయి. అంత పెద్ద సంఖ్య దాకా ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ వెళ్ళడం ఏ కంప్యూటర్‌కూ, ఎన్నటికీ సాధ్యం కాదు. కళ్ళతో చూసి తెలుసుకోవాలనుకునేవాడికి ఆ నిజం శాశ్వతంగా అందదు, లిటిల్‌వుడ్‌కు మాత్రం బల్ల దగ్గర కూర్చుంటే అందింది.

ఇక్కడే రామానుజన్ గురించి ఒక మాట. 1913లో ఇంగ్లండ్ గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరాల్లో ప్రధాన సంఖ్యల లెక్కకు ఆయన కొన్ని సూత్రాలు ఇచ్చాడు. చిన్న సంఖ్యల దగ్గర అవి అద్భుతంగా సరిపోతాయి. ముందుకు పోయేకొద్దీ ఆయన అనుకున్నంత దగ్గరగా ఉండవు. అంతటి చూపున్న మనిషిని కూడా ప్రధాన సంఖ్యలు బోల్తా కొట్టించాయి. ‘నిరూపణ ఏదీ?’ అని హార్డీ మాటిమాటికీ అడగడం వెనక తెల్లవాళ్ళ దర్పం ఉందని కొందరు అంటారు. నాకు అలా అనిపించదు. ఈ నేల జారుతుందని తెలిసినవాడి జాగ్రత్త అది.

ఇప్పుడు తత్వశాస్త్రంలోకి వద్దాం. చూసినదాన్ని బట్టి చూడనిదాని గురించి చెప్పడాన్ని మనవాళ్ళు అనుమానం అన్నారు. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని చెప్పడం పాఠ్యపుస్తకపు ఉదాహరణ. ఇది నిలబడాలంటే పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న నియమం కావాలి. దాన్ని వ్యాప్తి అంటారు. కంటితో చూసిందే ప్రమాణమనే చార్వాకులు సరిగ్గా అక్కడ పట్టుకున్నారు. పద్నాలుగో శతాబ్దపు ‘సర్వదర్శన సంగ్రహం’లో వాళ్ళ వాదం ఇలా ఉంటుంది. ఆ ‘ప్రతిచోటా’ను నువ్వు చూశావా? గడిచిపోయిన పొగలనీ, రాబోయే పొగలనీ చూడలేవు కదా. చూడకుండా ఊహించానంటావా, ఆ ఊహకు ఇంకో వ్యాప్తి కావాలి, దానికి మరొకటి. 1748లో స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్ అడిగింది కూడా అదే. రేపు సూర్యుడు ఉదయిస్తాడని ఎలా తెలుసు? ఇన్నాళ్ళూ ఉదయించాడు గనక. ఇన్నాళ్ళూ జరిగింది రేపూ జరుగుతుందని ఎలా తెలుసు? ఇన్నాళ్ళూ అలాగే అయింది గనక. తిరిగి తిరిగి మొదటికే వచ్చాం.

న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికుల్లో ఉదయనుడు చార్వాకులకు ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. సందేహానికీ ఒక హద్దు ఉంటుంది, నీ చేతలకు విరుద్ధమైన చోట అది ఆగిపోవాలి అంటాడు. పొగకూ నిప్పుకూ సంబంధం లేదని నిజంగా సందేహించేవాడు, పొగ కావలసి వచ్చినప్పుడు మారు మాట్లాడకుండా నిప్పు కోసం ఎందుకు వెళ్తాడు? నోటితో ఒకటి చెబుతూ చేత్తో ఇంకోటి చేస్తుంటే ఆ సందేహాన్ని లెక్క చేయనక్కర్లేదు. బతుకు విషయంలో ఈ జవాబు చాలు. సైన్సుకు కూడా దాదాపు చాలు, ఎందుకంటే తప్పితే దిద్దుకునే ఏర్పాటు దానిలోనే ఉంది.

సంఖ్యల దగ్గర చాలదు. పోల్యా మాట నమ్మినా నమ్మకపోయినా నా చేతల్లో తేడా ఏమీ రాదు. నన్ను అడ్డుకునే నిప్పు అక్కడ లేదు. పైగా ఎంత దూరం పరీక్షించినా మిగిలిపోయింది అనంతం. గోల్డ్‌బాక్ 1742లో ఆయిలర్‌కు రాసిన ఉత్తరం నుంచి పుట్టిన ప్రశ్న ఇప్పటికీ తెగలేదు. రెండు కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యనూ రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయొచ్చా? 10 అంటే 3, 7. 100 అంటే 3, 97. కంప్యూటర్లు 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత దూరం వెళ్ళి చూశాయి. ఒక్కటీ తప్పలేదు. మరి ఎంత శాతం సంఖ్యలను పరీక్షించినట్టు? సున్నా శాతం.

అలాంటప్పుడు నిరూపణ ఏం చేస్తుంది? మాటల్లో చెప్పేకంటే ఒకటి చేసి చూపిస్తాను. చదరంగం బల్ల ఊహించుకోండి. 64 గళ్ళు. సరిగ్గా రెండు గళ్ళను కప్పే పలకలు మీ దగ్గర ఉన్నాయి. 32 పలకలతో బల్ల మొత్తం కప్పేయొచ్చు, ఒక విధంగా కాదు, 1 కోటి 29 లక్షల 88 వేల 816 విధాలుగా. ఇప్పుడు ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు గళ్ళను కత్తిరించేద్దాం. 62 గళ్ళు మిగిలాయి. 31 పలకలతో కప్పగలరా?

పలకలు చేతికిచ్చి మొదలుపెట్టమంటే ఎవరైనా చివరిదాకా చక్కగా పేర్చుకుంటూ వస్తారు. ఆఖర్న రెండు గళ్ళు మిగులుతాయి, అవి పక్కపక్కన ఉండవు. విప్పి మళ్ళీ మొదలు. ఇంకో చోట మళ్ళీ అదే. మెల్లగా ‘ఇది కుదరదేమో’ అన్న అనుమానం వస్తుంది. అది పోల్యా తరహా నమ్మకం. ఇంకా పేర్చని కోటి అమరికల్లో ఒకటి కుదురుతుందేమో, ఎవరు చెప్పొచ్చారు?

ఇప్పుడు రంగులు చూడండి. ఒక పలక ఎక్కడ పెట్టినా, నిలువుగా పెట్టినా అడ్డంగా పెట్టినా, ఒక తెల్ల గడినీ ఒక నల్ల గడినీ కప్పుతుంది. అంటే 31 పలకలు 31 తెల్లవాటినీ 31 నల్లవాటినీ కప్పాలి. కానీ ఎదురెదురు మూలలు రెండూ ఒకే రంగు. రెండు తెల్లవి తీసేశాం అనుకుంటే మిగిలింది 30 తెల్ల, 32 నల్ల. కాబట్టి కుదరదు. అయిపోయింది.

ఒక్క పలక కూడా కదపలేదు. అయినా అన్ని అమరికలూ, ఎవరూ పేర్చనివి కూడా, ఒక్క దెబ్బకు తెగిపోయాయి. ఇంతకుముందు ‘కుదరదేమో’ అన్న అనుమానానికీ ఇప్పుడున్న ‘కుదరదు’కూ మధ్య తేడా మీకు లోపల తెలుస్తోందా? సాక్ష్యం పెరిగి పెరిగి నిశ్చయం కాలేదు. సాక్ష్యాన్ని పక్కన పెట్టేసి కారణం దగ్గరికి వెళ్ళాం. నా మట్టుకు నాకు గణితమంతా ఈ మలుపులోనే ఉంది.

కారణానికి ఇంకో గుణం ఉంది. అది ఊరుకోదు, తరవాతి ప్రశ్న తనే తెస్తుంది. ఒకే రంగువి తీస్తే కుదరదు, సరే. ఒక తెల్లది, ఒక నల్లది తీస్తే? ఎక్కడివైనా సరే, ఎప్పుడూ కుదురుతుందా? కుదురుతుంది. బల్ల మీద అన్ని గళ్ళ గుండా, ఒక్కోదాన్ని ఒక్కసారే తాకుతూ, బయల్దేరిన చోటికే తిరిగొచ్చే దారి ఒకటి గీయండి. ఆ దారిలో రంగులు తెలుపు, నలుపు, తెలుపు, నలుపు అని మారుతూ పోతాయి. ఒక తెల్లదాన్నీ ఒక నల్లదాన్నీ తీసేస్తే దారి రెండు ముక్కలవుతుంది. రంగులు వేరు కాబట్టి ప్రతి ముక్కలోనూ సరి సంఖ్యలో గళ్ళు ఉంటాయి. తీసినవి పక్కపక్కవే అయితే ఒకే ముక్క, అదీ సరే. ఇక ఆ దారి వెంబడే పలకలు పరుచుకుంటూ పోవడమే. గోమరీ అనే గణితవేత్త ఆలోచన ఇది. ఇంటికెళ్ళాక గీసి చూడండి, పదిహేను నిమిషాల పని.

మొదట మనం గీసిన వృత్తం సంగతీ ఇలాగే తేలుతుంది. ప్రతి కొత్త గీతా ఒక ముక్కను పెంచుతుంది, రెండు గీతలు ఖండించుకున్న ప్రతిచోటా ఇంకో ముక్క పెరుగుతుంది. ఆరు చుక్కల మధ్య 15 గీతలు, 15 ఖండనలు, మొదట ఉన్న ఒక ముక్క. మొత్తం 31. రెట్టింపు అనేది అక్కడ ఎన్నడూ లేదు, కాసేపు అలా కనబడిందంతే.

ఇంతవరకు కథ సుఖంగా నడిచింది. ఉదాహరణలు మోసం చేస్తాయి, నిరూపణ మోసం చేయదు. కానీ నిరూపణ చేసేది ఎవరు? మనుషులే కదా. 1852లో ఫ్రాన్సిస్ గత్రీ అనే యువకుడికి ఒక ప్రశ్న తట్టింది. ఏ మ్యాపులోనైనా పక్కపక్క ప్రాంతాలకు ఒకే రంగు రాకుండా వేయడానికి నాలుగు రంగులు చాలా? 1879లో కెంప్ అనే ఆయన చాలు అని నిరూపణ అచ్చు వేశాడు. అందరూ ఒప్పుకున్నారు. పదకొండేళ్ళ తరవాత, 1890లో హీవుడ్ అందులో ఒక సందు ఉందని చూపించాడు. ఆ పదకొండేళ్ళూ ఆ విషయం నిరూపితమేనా? చదివినవాళ్ళందరికీ నేను ఇందాక చెప్పిన ఆ లోపలి నిశ్చయం కలిగే ఉంటుంది కదా. అంటే ఆ అనుభూతి ఒక్కటే సరిపోదు. అది అబద్ధానికి కూడా కలుగుతుంది. కెంప్ పట్ల న్యాయంగా చెప్పాలంటే, ఆయన ఆలోచన వృథా పోలేదు. ఐదు రంగులు చాలని హీవుడ్ దానితోనే నిరూపించాడు. 1976లో అపెల్, హాకెన్ చివరికి నాలుగు రంగుల మాట తేల్చింది కూడా ఆ ఆలోచనను సాగదీసే.

ఆ తేల్చడమే పెద్ద గొడవైంది. వాళ్ళు ప్రశ్నను దాదాపు రెండు వేల రకాల అమరికలకు కుదించి, వాటిని వెయ్యి గంటలకు పైగా కంప్యూటర్‌తో పరీక్ష చేయించారు. వాళ్ళ ఇలినాయి విశ్వవిద్యాలయ గణిత విభాగం ఉత్తరాల మీద ‘నాలుగు రంగులు చాలు’ అని ముద్ర కొట్టుకుని సంబరపడింది. చాలామంది గణితవేత్తలు మాత్రం మొహం ముడుచుకున్నారు. 1979లో టిమోచ్కో అనే తత్వవేత్త సూటిగా అన్నది ఇది. నిరూపణ అంటే మనిషి మొదటి నుంచి చివరిదాకా చదివి పరిశీలించగలిగేది. దీన్ని ఎవరూ చదవలేరు. కంప్యూటర్ సరిగా పనిచేసిందన్న నమ్మకం మీద ఇది నిలబడింది, ఆ నమ్మకం ప్రయోగశాలలో ఉండే రకం. కాబట్టి గణితంలోకి ప్రయోగం ప్రవేశించింది.

ఈ వాదం సగమే నాకు నచ్చుతుంది. మూడు వందల పేజీల మానవ నిరూపణ చదివేవాడు కూడా రెండు వందలో పేజీ దగ్గర ఉన్నప్పుడు ఐదో పేజీని జ్ఞాపకం మీద నమ్ముతున్నాడు. జ్ఞాపకం కంటే యంత్రం ఎక్కువ తప్పులు చేస్తుందా? ఇంకో సగం మాత్రం గట్టిది. చదరంగం బల్ల నిరూపణ విన్నాక ఎందుకు కుదరదో మీకు తెలిసింది. నాలుగు రంగుల నిరూపణ తరవాత నాలుగు చాలని తెలిసింది, ఎందుకు చాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకో ఉదాహరణ దీనికంటే చిత్రమైంది. ఒకే సైజు గోళాలను ఎంత ఒత్తుగా పేర్చగలం? పిరమిడ్‌లా పేర్చడమే ఉత్తమం, 74 శాతం చోటు కంటే కొంచెం ఎక్కువ నిండుతుంది, అంతకు మించి కుదరదు అని 1611లో కెప్లర్ అన్నాడు. 1998లో థామస్ హేల్స్ నిరూపించానని ప్రకటించాడు. వందల పేజీలు, దాని వెనక బోలెడంత కంప్యూటర్ లెక్క. పత్రిక పన్నెండు మంది పరిశీలకులను నియమించింది. ఏళ్ళ తరబడి చూసి, అలిసిపోయి, వాళ్ళు ఇచ్చిన తీర్పు ఏమిటో తెలుసా? నిరూపణ సరైనదని 99 శాతం నమ్మకం ఉంది అన్నారు.

గణిత పత్రికలో శాతం! శాతాల నుంచి తప్పించుకోవడానికే కదా ఇంత దూరం వచ్చింది. హేల్స్‌కూ అది మింగుడు పడలేదు. నిరూపణలోని ప్రతి అడుగునూ తర్క సూత్రాల దాకా విడగొట్టి, నిరూపణలను సరిచూసే ప్రోగ్రామ్‌లతో తనిఖీ చేయించే పని మొదలుపెట్టాడు. పెద్ద బృందం పనిచేసి 2014 ఆగస్టులో పూర్తి చేసింది. తనిఖీ చేసే ప్రోగ్రామూ తప్పు కావచ్చుగా అని మీరు అడుగుతారు. కావచ్చు. కానీ ఆ ప్రోగ్రామ్‌లో అసలు కీలకమైన భాగం కొన్ని వందల వరసలే ఉంటుంది. దాన్ని మనిషి కూర్చుని చదవొచ్చు. నమ్మవలసిన చోటు పూర్తిగా పోలేదు, బాగా చిన్నదైంది.

ఇక్కడ నుంచి కిందికి ఒక్క మెట్టు మిగిలింది. నిరూపణలన్నీ ఏవో స్వీకృతాల నుంచి, అంటే నిరూపణ అడగకుండా ముందే ఒప్పుకునే మాటల నుంచి మొదలవుతాయి. వాటిని ఎందుకు నమ్మాలి? జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ కల ఇదే. గణితమంతటినీ కొన్ని స్వీకృతాల మీద నిలబెట్టి, వాటిలో వైరుధ్యం రాదని, అంటే ఒకే మాటా దాని వ్యతిరేకమూ రెండూ నిరూపణ కావని, గణితం లోపలే తేల్చేయాలి. 1930 సెప్టెంబర్ 8న కోనిగ్స్‌బెర్గ్‌లో ప్రసంగిస్తూ ‘మనం తెలుసుకుని తీరాలి, తెలుసుకుని తీరతాం’ అన్నాడు. ఆ మాటలే ఆయన సమాధి మీద చెక్కారు. ఆ ముందు రోజే, అదే ఊళ్ళో, ఒక చర్చా సమావేశం చివర్లో కర్ట్ గోడెల్ అనే ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు నెమ్మదిగా ఒక సంగతి చెప్పాడు. వైరుధ్యం లేని, కనీసం అంకగణితం ఉన్న ఏ స్వీకృతాల వ్యవస్థలోనైనా, నిరూపించడానికీ ఖండించడానికీ వీలుకాని వాక్యాలు ఉంటాయి. 1931లో పూర్తి పేపర్ వచ్చింది. అందులో రెండో దెబ్బ కూడా ఉంది. అలాంటి వ్యవస్థ తనలో వైరుధ్యం లేదని తనంతట తాను నిరూపించుకోలేదు.

దీన్ని పట్టుకుని ‘చూశారా, గణితం కూడా నమ్మకమే’ అని కొందరు ఊరేగుతుంటారు. అంత తేలిక కాదు. గోల్డ్‌బాక్ ప్రశ్ననే తీసుకోండి. అది నిరూపణకూ ఖండనకూ అందని వాక్యాల్లో ఒకటేమో అని అడుగుతుంటారు. సరే, అంకగణితపు మామూలు స్వీకృతాల నుంచి దాన్ని ఖండించడం అసాధ్యమని రేపు ఎవరైనా తేల్చారనుకోండి. అప్పుడు గోల్డ్‌బాక్ నిజమా, అబద్ధమా? నిజం! ఎందుకంటే అబద్ధమైతే ఎక్కడో ఒక సరి సంఖ్య తప్పాలి. అది ఎంత పెద్దదైనా సరే, దాని లోపలి ప్రధాన సంఖ్యల జతలన్నీ ఒక్కొక్కటే కూడి చూసి, ఏదీ కుదరలేదని రాసేయొచ్చు. అదే ఖండన. ఖండన ఉండదంటే అలాంటి సంఖ్య లేదన్నమాట. ఖండించలేమని తేలడమే నిజమని తెలియడానికి దారి కావచ్చు. ఈ మెలికను మొదటిసారి విన్నవాళ్ళకు కాస్త తల తిరుగుతుంది, ఫర్వాలేదు, రెండుసార్లు ఆలోచించండి.

ముందు వరుసలో ఒకరు చెయ్యెత్తారు. ‘అలా తేల్చడం కూడా ఒక నిరూపణే కదా, అది ఎక్కడ నిలబడి చేస్తారు?’ మంచి ప్రశ్న. అంకగణితానికి బయట నిలబడి. బయట అంటే మరికొన్ని బలమైన స్వీకృతాలు ఒప్పుకుని. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేవి 1908లో జెర్మెలో మొదలుపెట్టిన సమితి సిద్ధాంతపు స్వీకృతాలు, తరవాత కాస్త పెరిగాయి. వాటిలో వైరుధ్యం లేదని ఎలా తెలుసు? గోడెల్ రెండో దెబ్బ గుర్తుంది కదా, అవి తమంతట తాము చెప్పుకోలేవు. సూటిగా అడిగితే చాలామంది ఇచ్చే జవాబులో ఒక ముక్క ఇది: ‘వందేళ్ళకు పైగా వాడుతున్నాం, ఇప్పటిదాకా వైరుధ్యం దొరకలేదు.’ చార్వాకుడు ఈ సభలో ఉంటే లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాడు. అట్టడుగున మళ్ళీ ‘ఇప్పటిదాకా’ వచ్చింది.

‘మరి రేపు దొరికితే అంతా కూలిపోతుందా’ అని ఆయనే అడుగుతున్నారు. అది ఒకసారి జరిగింది కూడా. సమితుల మీద అంకగణితాన్ని కట్టాలని ఫ్రెగె జీవితమంతా శ్రమించాడు. రెండో సంపుటం అచ్చులో ఉండగా, 1902 జూన్‌లో రసెల్ నుంచి ఉత్తరం వచ్చింది. మీ స్వీకృతాల్లో వైరుధ్యం ఉంది అని. తనలో తాను సభ్యుడు కాని సమితులన్నిటినీ ఒకచోట చేరిస్తే, ఆ సమితి తనలో తాను ఉంటుందా? ఉంటుందంటే ఉండదు, ఉండదంటే ఉంటుంది. ఫ్రెగె దాచలేదు. 1903లో పుస్తకం వెలువడేటప్పుడు ఆ వైరుధ్యాన్ని వివరిస్తూ చివర అనుబంధం చేర్చాడు. ఆయన పునాది పోయింది. కానీ దాని మీద ఉన్న గణితంలో పోయింది అంటూ చెప్పుకోదగ్గది ఏదీ లేదు. ప్రధాన సంఖ్యల సిద్ధాంతాలు అలాగే ఉన్నాయి, చదరంగం బల్ల లాంటి నిరూపణలకు అంత లోతు పునాది అవసరమే లేదు. గణితవేత్తలు ప్రమాదకరమైన స్వీకృతాన్ని తీసేసి, ఇంకాస్త జాగ్రత్తైనవి పెట్టుకుని, పని కొనసాగించారు. జెర్మెలో 1908 స్వీకృతాలు ఆ మరమ్మత్తుల్లో పుట్టినవే.

ఇంకెవరైనా అడగాలనుకుంటే అడగండి, టైమ్ ఉంది.